పెళ్లిచూపుల్లో పందికొక్కు

నిఘంటువు వల్ల పెళ్లి తప్పిపోయేంత పని ఎవరికైనా జరుగుతుందా? నాకు జరిగింది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో మెదక్‌లో ఓ ప్రైవేటు బళ్లో ఇంగ్లిష్ చెప్పేవాణ్ణి. ఎవరు ఏ మాటన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే నిద్రపట్టని జబ్బు నాది. ఆ జబ్బుతోనే అమ్మను వెంటబెట్టుకుని, చర్చి వెనక వీధిలో సుజాత వాళ్లింటికి పెళ్లిచూపులకు వెళ్లాను. సుజాత నాకు చూడగానే నచ్చింది. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది రామాయంపేట నుంచి వచ్చిన ఆమె మేనమామది. ఆయన ఊ అంటేనే పెళ్లి.

ఆయన మిర్చి బజ్జీల పళ్లెం ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా తింటున్నాడు. పళ్లెం ఖాళీ అవుతోంది, మళ్లీ నిండుతోంది. నన్ను పరీక్షించాలనిపించిందేమో, అడిగాడు.

"ఇంగ్లీషు మాటలన్నీ మనం వాడుతున్నం. గాళ్లు మన తెలుగుల నుంచి తీస్కున్నది ఒక్కటన్న ఉన్నదా సార్?"

నా జన్మ ధన్యమైంది. ఆయన ఇంకో బజ్జీ నోట్లో పెట్టుకోబోతుండగా, ఆయన్నే చూస్తూ ఠక్కున చెప్పాను.

"పందికొక్కు."

బజ్జీ తిరిగి పళ్లెంలోకి వెళ్లింది.

"ఎవలు సార్, నేనా?"

అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? ఇంగ్లిష్‌వాళ్ల బాండికూట్ మన పందికొక్కేనని, ధాన్యం కొట్లో దూరి ఎంతున్నా మెక్కేస్తుందని వివరించాను. ఆయన ముఖం ఎర్రబడింది. పంది వేరు, కొక్కు వేరు, కొక్కంటే ఎలుక అని పదాన్ని విడదీసి మరీ చూపించాను. అప్పటిదాకా ఒక్క జంతువుతో పోయేది, రెండయ్యాయి. అమ్మ నా తొడ గిల్లింది. చేసిన ఘనకార్యం అప్పుడు అర్థమై భయం వేసింది. సుజాత ముఖం చూడలేక నేల చూశాను.

ఆమే నోరు విప్పింది.

"ఇంట్ల అత్తమ్మ దినాం అనేదే గద మామా. సార్‌కు ఇంగ్లిష్‌ల తెల్సు, గంతే."

మేనమామ భుజాలు కదిలేలా నవ్వి, ఆ బజ్జీ అందుకున్నాడు.

"పిలగానికి అబద్ధమాడుడు రాదు. ఇచ్చేద్దాం."

ఇప్పుడు నేను రెండోసారి కూర వేసుకుంటే చాలు, సుజాత చుట్టాల ముందే "బాండికూట్" అంటుంది, వాళ్లకు అర్థం కాదని ధీమా. మేనమామ ఒక్కడే నవ్వుతాడు. కనుక పాఠకులారా, పళ్లెం పట్టుకున్న మనిషికి ఏ పదం పుట్టుకా చెప్పనని మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రస్తుతం పళ్లెం నా చేతిలోనే ఉంది.