వెనక సీటు మీద బరువు

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నేను ముందు తేదీ అడుగుతాను. తరువాత టైము, పక్కన ఎవరున్నారు అన్నది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. డెబ్బై రెండేళ్లలో నమ్మదగ్గ మాట ఒక్కటీ వినలేదు. ఇది కూడా ఎవరినీ నమ్మమని రాయడం లేదు. కొలిచింది కొలిచినట్టు రాస్తున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం. మా వారు చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం చేసేవారు. ఆయనకు ఒక పాత మోటారు సైకిలు ఉండేది. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. దాని లెక్కంతా నాది. నూనె ఎప్పుడు మార్చాం, చైను ఎప్పుడు బిగించాం, బ్రేకు షూలు ఎప్పుడు వేయించాం, అప్పటికి మీటరు ఎంత చూపించింది, అన్నీ నీలం అట్ట పుస్తకంలో రాసేదాన్ని.

పదకొండేళ్ల కిందట ఒక శనివారం పొద్దున్న ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "ఎనక బ్రేకు మెత్తగా ఉందే, కాలికి తెలస్తంది" అన్నారు. నేను పుస్తకం తెరిచి చూశాను. షూలు వేయించి నాలుగు వేల కిలోమీటర్లే అయింది. ఆరు వేల దాకా వస్తాయి. అదే చెప్పాను.

"నువ్వు రాసిందే రైటు. నా కాలిదేటుంది!" అని నవ్వి వెళ్లారు.

ఖల్లికోట నుంచి తిరిగి వస్తూ, ఆగి ఉన్న లారీ వెనక భాగాన్ని గుద్దుకుని అక్కడే పోయారు. బండి ఆగలేదు. వెనక సీటు మీద రెండు చింతపండు మూటలు కట్టి ఉన్నాయి. ఆ నెలంతా అలాగే బరువులు మోశారని, అందుకే షూలు ముందే అరిగిపోయాయని తరువాత తెలిసింది. నేను పుస్తకంలో కిలోమీటర్లు రాశాను. బరువు ఎప్పుడూ రాయలేదు.

బండిని పెరట్లో గోనెపట్టా కప్పి ఉంచేశాం. నేను అటు వెళ్లేదాన్ని కాదు.

మాకు ఒక్కతే కూతురు, సరళ. దిగపహండిలో మందుల దుకాణం నడుపుతోంది. బస్సు టైములు కుదరక, నిరుడు కార్తీకంలో ఆ బండి బాగు చేయిస్తానంది. కొత్తది కొనుక్కోమన్నాను. వినలేదు. ఆమెకు బండి నేర్పింది వాళ్ల నాన్నే. ఆయన వెనక కూర్చుని రెండు భుజాల మీదా చేతులు వేసేవారు. కుడి భుజం నొక్కితే కుడివైపు, రెండూ నొక్కితే బ్రేకు. నోటితో ఏమీ చెప్పేవారు కాదు.

చివరికి నేను ఒక షరతు పెట్టాను. బ్రేకులు, కుదుపులు ఆపే షాకులు పాతవి ఒక్కటీ ఉండకూడదు. అన్నీ నా కళ్ల ముందే బిగించాలి, నేను సరే అంటేనే బండి రోడ్డెక్కాలి.

అంకులి నుంచి మెకానిక్కు నారాయణ మేస్త్రి వచ్చాడు. మా వారి కాలం నుంచీ ఆ బండి అతని చేతి మీదే ఉండేది. నాలుగు రోజులు పట్టింది. ముందు డిస్కు బ్రేకు, వెనక డ్రమ్ములో కొత్త షూలు, ముందు ఫోర్కులో కొత్త స్ప్రింగులు, వెనక రెండు కొత్త షాకులు. చివరి రోజు సాయంత్రం కొలత తీశాం. వెనక చక్రం ఇరుసు నట్టు నుంచి సీటు కింద సుద్దతో గీసిన గీత వరకు టేపు పట్టాలి. బండి ఖాళీగా ఉంటే ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. సరళ ఒక్కతే ఎక్కి, గోడ పట్టుకుని, కాళ్లు పైన పెడితే ముప్పై ఆరున్నర. వెనక మేస్త్రి కూడా ఎక్కితే ముప్పై నాలుగు.

"బాబుగారూ నేనూ ఒకటే తూకం అమ్మా. అరవై రెండు కేజీలు. ఆయన సొక్కా నాకు సరిపోయీది, ఎప్పుడూ ఇయ్యలేదు గానీ" అన్నాడు మేస్త్రి.

పుస్తకంలో కొత్తగా బరువు గడి గీసి ఇవన్నీ రాశాను.

మర్నాడు సోమవారం. ఏడున్నరకు సరళ బయలుదేరబోతూ బండి ఎక్కింది. నేను మరొకసారి టేపు పెట్టాను. ముప్పై నాలుగు.

దిగమన్నాను. ముప్పై ఎనిమిది. ఎక్కమన్నాను. ముప్పై నాలుగు. మూడుసార్లు అంతే. సంచి కూడా భుజాన లేదు, అరుగు మీద ఉంది.

మేస్త్రికి ఫోను చేస్తే ఎనిమిదింటికల్లా వచ్చాడు. తన టేపుతో కొలిచాడు. షాకుల కడ్డీలు వేలితో తుడిచి చూశాడు, నూనె తడి లేదు.

"స్ప్రింగు పోతే దిగినా లేవదమ్మా. ఇది దిగితే లేస్తంది. పాప కూకుంటే ఇద్దరి బరువు పడతంది. నాకు తెల్దు." ముందు రోజు వేసిన చొక్కా జోకు మళ్లీ ఎత్తలేదు.

నేను వద్దు అనబోయాను. షరతు నాదే కదా. పుస్తకం చేతిలో ఉంది, అంకెలు తేడాగా ఉన్నాయి. కానీ పదకొండేళ్ల కిందట అంకెలు సరిగ్గానే ఉన్నాయి. పుస్తకం మూసేసి, నాకు అలవాటు లేని ప్రశ్న అడిగాను. నీ కాలికి ఎలా ఉంది అని.

సరళ బ్రేకు తొక్కి చూసింది. చేత్తోనూ పట్టి చూసింది. "గట్టిగా ఉందమ్మా. బాగుంది" అంది. కొంచెం ఆగి, "నాకేటీ బయం లేదు. ఎల్తాను" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. భుజం ఒకసారి తడుముకుని బండి కదిపింది.

వీధి చివర లారీ ఒకటి అడ్డం వచ్చింది. సరళ బ్రేకు వేసింది. వేసినచోటే బండి ఆగిపోయింది. అది జారకుండా ఆగడం అంత దూరం నుంచి కూడా నాకు స్పష్టంగా కనిపించింది. మేస్త్రి నా పక్కనే ఉన్నాడు, అతనూ చూశాడు.

సాయంత్రం ఆరుంబావుకు తిరిగి వచ్చింది. దిగకముందే టేపు పెట్టాను. ముప్పై ఆరున్నర. ఆ తరువాత ప్రతి సోమవారం కొలుస్తున్నాను. ఇప్పటికి నలభై ఒక్క సోమవారాలు. ఎప్పుడూ ముప్పై ఆరున్నరే.

ఆ ఉదయం తేడా వచ్చిన ఆ రెండున్నర సెంటీమీటర్లు దేనివో మేస్త్రి చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను. పుస్తకంలో అంకె వేశాను, టైము వేశాను, పక్కన ఉన్నవారి పేర్లు వేశాను. బరువు గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. అరవై రెండు అని రాయడానికి నా దగ్గర రుజువు లేదు. వేరే అంకె ఏదీ రాయడానికి చెయ్యి రాలేదు.