అడగకుండా పాడిన పాట

"మా పాపకి వినపడదేమోనండీ," అన్నాను. అంతవరకు ఆ మాట మా ఆయనతో కూడా అనలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషితో నాకు ముఖపరిచయం మాత్రమే.

ఆయన కింది అంతస్తులో ఆఫీసున్న 'చురక' పత్రిక ఎడిటర్. పాప వెనక నిలబడి నేను గరిటెతో పళ్ళెం వాయిస్తుంటే, ఆ మోతకి కింద రికార్డింగు ఆపుకుని పైకి వచ్చారు. తిట్టడానికేమో అనుకున్నాను. "వాయించేది ఎవరో గానీ తాళం తప్పుతోంది, అది చెప్పిపోదామని," అన్నారు. దానికి నా నోట్లోంచి ఊడిపడ్డ జవాబు అది.

పాపకి పదకొండు నెలలు. నేను భౌతికశాస్త్రం చదివినదాన్ని. భయం వేస్తే పట్టిక గీస్తాను. ముప్పై ఒక్కసార్లు వాయిస్తే పదిహేడుసార్లు తల తిప్పింది. పాప ఇంకా ఏమీ పలకడం లేదేమిటని అడిగితే, వాళ్ళ నాన్న మూడేళ్ళకి గానీ నోరు విప్పలేదని మా అత్తగారు కొట్టిపారేశారు. ఆస్పత్రికి వెళ్ళే ధైర్యం లేక నేను పట్టికలో గళ్ళు పెంచుకుంటూ పోయాను.

ఎడిటర్ ఆ పట్టిక చూశారు. తన ఎడమ చెవి తట్టుకుని, ఇది కూడా పోయిందేనన్నారు, అదేదో బిరుదైనట్టు. కిందికి రమ్మని, మోత బయటికి పోకుండా గోడలకి గుడ్ల అట్టలు అతికించిన స్టూడియో గదిలో టీ ఇచ్చి, ఆ చెవి కథ చెప్పారు.

ఇరవై ఏళ్ళ వయసులో ఆయన పంక్ గాయకుడు. గిటారు మీద మూడు స్వరాలు, ఆపైన గొంతు చించుకోవడం. నలుగురు మిత్రులు ఒక మెకానిక్ షెడ్డులో సాధన చేసేవారు. స్పీకరు పక్కన నిలబడి పాడీ పాడీ మూడేళ్ళలో చెవి పోగొట్టుకున్నారు. వాళ్ళక్క ఇప్పటికీ "ఒరే చెవిటి మాలోకం" అనే పిలుస్తుంది. ఆ రోజుల గురించి మొదలుపెడితే ఒక పట్టాన ఆపరు. ఆఫీసు వాళ్ళు ఒక్కొక్కరే పనుందని జారుకుంటారు.

గొంతు తగ్గేది ఒక్కచోటే, కాలేజీ లైబ్రరీ వాచ్‌మన్ మీద పాట కట్టిన చోట. విద్యార్థుల సంగతులు ప్రిన్సిపాల్‌కి మోసేది అతనేనని అందరూ అనుకున్నారు. వీళ్ళు పేరు పెట్టి మరీ పాడారు. అతను కనపడితే చాలు, కాలేజీ అంతా ఆ పల్లవి ఈల వేసేది. నెల తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు. మోస్తున్నది తమ డ్రమ్మరేనని ఆ తర్వాత తేలింది.

ఈయన ఆ వాచ్‌మన్ ఇంటికి వెళ్ళారు. అతను కుర్చీ వేశాడు. "పాట బాగానే ఉంది బాబూ. కట్టేముందు ఒక్కసారి నన్ను అడిగుంటే పోయేది," అన్నాడట. ఈయన మళ్ళీ వేదిక ఎక్కలేదు.

'చురక' అలా మొదలైంది. మొదట జిరాక్సు తీసి పిన్ను కొట్టిన నాలుగు పేజీలు, బస్టాండులో తనే పంచేవారు. ఇప్పుడది వారపత్రిక, వీడియో ఛానల్, పద్నాలుగు మంది పనిచేసే సంస్థ. వెటకారమంతా అధికారం ఉన్నవాళ్ళ మీదే. అయితే ఎవరి మీద రాసినా, అచ్చుకి ముందు వాళ్ళకి ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తారు. కుడి చెవి కూడా అంతంతమాత్రమే, పెదాలు చూస్తే గానీ సగం మాటలు అందవు కనక ఫోన్లో కుదరదు. తప్పయితే తీసేస్తాను, నొప్పయితే తీయను అని ముందే చెబుతారు. రోడ్డు గుంతల మీద రాసింది విని ఒక ఇంజనీరు పగలబడి నవ్వి, ఇంకో రెండు గుంతలు తనే చెప్పాడట. ఒక కాంట్రాక్టరు మాత్రం ఈయన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు.

కథ అయ్యాక నా వైపు తిరిగారు. "ముప్పై ఒక్కసార్లు పళ్ళేన్ని అడిగావు. డాక్టర్ని ఒక్కసారి అడగలేవా అమ్మా?"

"వినపడదంటేనో?"

"ఇప్పుడు మాత్రం నిద్రపోతున్నావా?"

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను. మర్నాడు ముగ్గురం ఆస్పత్రికి వెళ్తే ఎడిటర్ కూడా వచ్చి వరండాలో కూర్చున్నారు. నిద్రపుచ్చిన పాప చెవులకి సన్నటి తీగలు పెట్టి గంటసేపు చూశారు. కుడి చెవికి ఏ లోపమూ లేదు. ఎడమ వైపు వినికిడి చాలా తక్కువ. మాటలు వస్తాయనీ, వదలకుండా చూపించుకోవాలనీ డాక్టరు చెప్పారు.

బయటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను. ఎడిటర్ ఓదార్చలేదు. మేలుకున్న పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మనిద్దరిదీ ఒకే పార్టీ అని చెబుతున్నారు. పాప ఆయన కళ్ళజోడు లాగి నోట్లో పెట్టుకోబోయింది. నేను వెనకనుంచి గట్టిగా అరిచాను. పాప తిరగలేదు. ఆయనా తిరగలేదు. మా ఆయన వెళ్ళి భుజం తట్టాల్సి వచ్చింది.

"అరవకమ్మా," అన్నారు ఎడిటర్. "అరిస్తే ఎటునుంచో మాకు తెలియదు. ముందుకొచ్చి, మొహం చూపించి, మామూలుగా చెప్పు."

అప్పటినుంచి పొయ్యి మీద ఏమున్నా సరే, కట్టేసి వచ్చి పాపకి ఎదురుగా కూర్చున్నాకే నోరు విప్పుతున్నాను.