పిన్ని దాచిన నాలుగో పేరు

మొన్న నవంబరులో, నేనింకా బతికే ఉన్నానని పింఛను వాళ్ళకి చూపించడానికి మా కోడలు ఫోను నా మొహానికి ఎదురుగా పెట్టి కళ్ళార్పమంటే రెండుసార్లు ఆర్పాను, అంతే, ఈ ఏటికి గండం గడిచింది. మా రోజుల్లో ఏటా సర్కారుకి లెక్కలు పంపడమంటే ఎంత తంటాలో సాటి పింఛనుదార్లు, మీకు నేను చెప్పాలా, మీలో సగంమంది కార్బను కాగితాలతో వేళ్ళు నల్లబరుచుకున్నవాళ్ళే కదా.

విజయనగరం దగ్గర ఓ జూట్ మిల్లులో, సంక్షేమ విభాగంలో అప్పుడే గుమాస్తాగా చేరాను. కార్మికుల పేర్లూ, వాళ్ళ పెళ్ళాంబిడ్డల పేర్లూ పట్టిక రాసి ఏడాదికోసారి ప్రభుత్వానికి పంపాలి. అందులో లేనివాళ్ళకి బీమా వైద్యం లేదు. రాయడం ఎంతసేపు, చెప్పించడమే గగనమయ్యేది. పిల్లలెంతమందని అడిగితే మా వైపు ఆడవాళ్ళు లెక్క చెప్పరు, దిష్టి తగులుతుందని. ఏదో ఉన్నార్లే అని నవ్వేసి మళ్ళీ మిషను దగ్గరికి పోయేవారు.

అదే మిల్లులో పనిచేసే మా పిన్నికి నలుగురు. ఆఖరిది, ఇద్దరు పోయాక దక్కిన ఆడపిల్ల, నా చంకనెక్కి తిరిగిన పిల్లే. పిన్ని ముగ్గురి పేర్లే చెప్పి, దాని పేరు మాత్రం కాగితం ఎక్కించొద్దని నా గడ్డం పట్టుకుని బతిమాలింది. బుద్ధి లేకపోయింది నాకు, అన్నీ తెలిసీ ముగ్గుర్నే రాసి, సరిచూశానని కింద సంతకం గిలికాను.

ఆ వానాకాలం ఆ పిల్ల కామెర్లు ముదిరి మంచానికి అతుక్కుపోయింది. విశాఖ పెద్దాసుపత్రికి పంపాలంటే పట్టికలో పేరుండాలన్నారు బీమా ఆసుపత్రిలో. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, అయినా సరే పోతే పోయిందని ఆఫీసరు గారి దగ్గరికెళ్ళి, తెలిసే తప్పు రాశానని చెప్పేశాను. ఆయన కోపిష్టి. తిట్టాల్సినవన్నీ తిట్టి, సవరణ పట్టిక పంపొచ్చు గానీ ఆ తల్లే వచ్చి తన నోటితో చెప్పాలి, నీ మాట ఇక నమ్మనన్నారు.

పిన్ని వచ్చింది. జుట్టంతా జనపనార పొట్టు. పదిమంది చూస్తూండగా కొంగు నోటికడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయనా తొందరపెట్టలేదు, అందుకు ఈనాటికీ ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను.

"నాకు నలుగురు బావూ. మా అక్క కూతురిది తప్పేటీ నేదు, నానే దాసినాను," అంది చివరికి, కళ్ళ నీళ్ళు ధారలు కడుతుంటే.

ఆ మధ్యాహ్నమే పట్టిక టైపు కొట్టాను, తొందరలో రెండు కాగితాలు పాడుచేసి మరీ. నెల్లాళ్ళకి పిల్ల నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఇప్పుడది అమ్మమ్మ కూడానూ. నాకు మెమో ఇచ్చారు, ఇవ్వాల్సిందే.

ఇప్పుడు పేర్లన్నీ కంప్యూటర్లో వాటంతటవే ఎక్కుతాయట, ఒకర్నొకరు అడిగే పనే లేదట. మంచిదే, అప్పుడే అదుంటే మాకు అంత హడలు తప్పేది. కానీ ఏటా పట్టిక రాసే వేళ ఒక్కొక్కరినీ బల్ల పక్కన కూచోబెట్టి, టీ తాగించి, కబుర్లలో పెట్టి పిల్లల పేర్లు చెప్పించుకున్న ఆ నెలరోజులూ తలుచుకుంటే నాకు ప్రాణం లాగుతుంది. పిన్నయితే పోయేదాకా, ఎవరడిగినా ముగ్గురే అనేది, నాలుగోది పక్కనే కూచుని నవ్వుతూండగా.