ఐలయ్య డోలు ఎందుకు ఆపాడు

మన గురించి పదిమంది మాట్లాడుతుంటే నోరెత్తకుండా కూర్చోవడం ఎంత నరకమో ఐలయ్యకు ఆ పొద్దున తెలిసొచ్చింది. తిట్టినా ఊరుకోవాలి, పొగిడినా ఊరుకోవాలి. కేసముద్రం పక్కనున్న ఆ ఊళ్ళో గొర్రెలు కాసే కురుమల పంచాయతీ పద్ధతి అది. ఎవరి సంగతి తేల్చాలో ఆ మనిషి తన తలరుమాలు తీసి కులపెద్ద ముందు పెట్టాలి. పెద్దాయన దాన్ని తిరిగి చేతికిచ్చేదాకా పెదవి విప్పకూడదు. ఐలయ్య రుమాలు పెట్టి రెండు గంటలైంది. మాఘమాసం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

తేలవలసిన సంగతి ఒక్కటే. వచ్చే ఆదివారం కులదేవుడు బీరప్ప పండుగ. కులపెద్ద కనకయ్యే ఆ చుట్టుపక్కల పేరున్న ఒగ్గు కథకుడు కూడా. ఆయన మేళంలో డోలు కొట్టే పోశాలుకు బొగ్గు బావిలో నౌకరీ దొరికింది. పెళ్ళాం పిల్లలతో మూటాముల్లె సర్దుకుని మొన్ననే వెళ్ళిపోయాడు. కథకుడున్నాడు, తాళాలు కొట్టేవాళ్ళున్నారు, డోలు మాత్రం గోడకు వేలాడుతోంది. పోశాలు కంటే ముందు అది ఐలయ్య మెడలో ఉండేది. పద్నాలుగేళ్ళ కింద తీసేసుకున్నారు. మళ్ళీ ఇవ్వాలా, వద్దా?

ఐలయ్యకు అది కావాలి. మామూలుగా కావడం కాదు. ఇన్నేళ్ళూ మార్కెట్ యార్డులో వడ్ల బస్తాలు మోస్తున్నాడు. బస్తా దింపి కూలబడ్డాడంటే చాలు, ఎడమ చేతి వేళ్ళు తొడ మీద మోగడం మొదలుపెడతాయి. తోటి హమాలీలకు అదొక నవ్వులాట. భార్య రాములమ్మకు మాత్రం నవ్వు రాదు. నిద్రలో కూడా ఆ చెయ్యి చాప మీద కొడుతూనే ఉంటుంది. పాపం, ఆమె ఆ చేతిని పట్టుకుని పడుకోవడం అలవాటు చేసుకుంది.

పంచాయతీ కులానిదే గాని, కనకయ్య కథంటే పడిచచ్చేవాళ్ళు ఏ కులంలో లేరు? పిలవకపోయినా వచ్చి చుట్టూ చేరారు. ఐలయ్య గొప్పా, పోశాలు గొప్పా అన్న వాదం ఆ ఊరికి కొత్తది కాదు. చాయ్ హోటల్లో, మంగలి దుకాణంలో, ఆఖరికి చావు ఇళ్ళలో కూడా పద్నాలుగేళ్ళుగా నడుస్తూనే ఉంది. వాదించేవాళ్ళలో సగం మంది ఐలయ్య చెయ్యి చెవులారా విన్నవాళ్ళు కారు. అయినా ఎవరూ తగ్గరు.

"పోశాలు కుడిచేతి పుల్ల చూసినవా ఎన్నడన్న?" అన్నాడు లారీ డ్రైవర్ సంజీవ. పోశాలు పక్షానికి అతనే పెద్ద గొంతు. "పుల్ల కండ్లకు కనవడది. గంత జోరు. ఐలయ్యన్నది గడియకొక్క దెబ్బ. గది డోలు కొట్టుడా, దర్వాజ కొట్టుడా?"

జనం గొల్లుమన్నారు. ఐలయ్య నేల వైపు చూశాడు.

"జోరు చూపెట్టేటోడు సర్కస్‌ల చేరాలె," అన్నాడు చంద్రమౌళి. ఇతను మార్కెట్ ఆఫీసులో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఐలయ్యను ఇంతగా నెత్తిన పెట్టుకునే మనిషి ఆ తాలూకాలో ఇంకొకడు లేడు. "కుడి చెయ్యి అందరు కొడ్తరు. ఎడమ దిక్కు మోత యాది చేసుకో. ఐలయ్యన్న అరచెయ్యి పడితె కనకయ్య బాపు మాట కింద భూమి ఉన్నట్టుండేది. పోశాలు వచ్చినంక కథకు కాళ్ళు లేవు."

తన చెయ్యి అంత పని చేసేదని ఐలయ్యకు ఎవరూ ఇలా చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే కనీసం తల ఊపడానికి కూడా లేదు.

"భూమి ఉన్నదా? మరి శిగం నడుమ డోలెందుకు ఆపిండు?" అన్నాడు సంజీవ.

ఎటు తిరిగినా వాదం వచ్చి ఆగేది అక్కడే.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ లొల్లి జోరుమీదున్నప్పుడు, ఇదే బీరప్ప పండుగలో సత్తమ్మ మీదికి దేవుడు వచ్చాడు. అలా దేవుడు పూని శిగం ఊగే మనిషికి డోలే ఆసరా. దేవుడు ఆమె నోట చెప్పవలసింది చెప్పి, పసుపు నీళ్ళు చల్లించుకుని శాంతించేదాకా డోలు ఆగడానికి వీల్లేదు. చేతులు బొబ్బలెక్కనీ, పక్కన కొంపలంటుకోనీ, ఆగకూడదు. ఐలయ్య ఆపాడు. సత్తమ్మ "వింటున్నరా" అన్న మాట దగ్గరే ఆగిపోయి దబ్బున పడింది. ఆ ఏడు రోగమొచ్చి గొర్రెల్లో సగం పోయాయి. దేవుడు ఆ సంగతే చెప్పబోయాడనీ, ఐలయ్య నోరు నొక్కాడనీ ఊరు తేల్చేసింది.

"తాగి ఉండె," అన్నాడొకడు.

"చెయ్యి గుంజింది," అన్నాడింకొకడు.

"కాదు!" చంద్రమౌళి లేచి నిలబడ్డాడు. "నేను గాడనే ఉన్న. సత్తమ్మ గప్పుడు కడుపుతోని ఉన్నది. ఊగి ఊగి పానం పోతదని దయ తలిచిండు. గంతే. కావాల్నంటె ఆమెనే అడుగురి."

సత్తమ్మ ముందుకొచ్చింది. మిరపకాయలు ఏరే కూలికి పోతూ, ఐలయ్య కోసమే ఆగింది. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. మామూలు రోజుల్లో ఆమెను పలకరించే నాథుడుండడు. ఆదివారం పూట డోలు మోగిందంటే మాత్రం ఆమె మీదికి బీరప్ప వస్తాడు. అప్పుడు ఆసాములు కూడా వచ్చి కాళ్ళు మొక్కి, పిల్ల పెళ్ళి సంగతీ పాడి బర్రె సంగతీ అడిగిపోతారు. ఆమె బతుకులో గౌరవం అనేది ఉంటే అదొక్కటే.

"అన్న ఆపకుంటె నా బిడ్డ దక్కకపోవు," అంది సత్తమ్మ. "దేవునికి కోపం రాలె. వస్తె నన్ను మళ్ళ మళ్ళ ఎందుకు పట్టుకుంటడు? డోలు అన్నకు ఇయ్యిరి."

ఆ మాటకు ముసలివాళ్ళు కూడా తలలూపారు. సంజీవ సైతం బీడీ వెలిగించుకుని అటు తిరిగాడు. కనకయ్య రుమాలు తీసి ఐలయ్య చేతికిచ్చాడు. గోడకున్న డోలు తెప్పించి ముందు పెట్టించాడు.

"ఎడమ చెయ్యి దీని మీద పెట్టు. ఆమె చెప్పింది నిజమేనా? అవునను, ఆదివారం మెడల ఏసుకో," అన్నాడు.

ఒక్క మాట. అవును. ఇద్దరు తన తరఫున ముందే చెప్పి పెట్టిన మాట. దయ తలిచాడన్న వాదం ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి, రాత్రంతా ఐలయ్య ఆ మాటనే సాధన చేశాడు. అనడానికే వచ్చాడు. కాని పద్నాలుగేళ్ళ తరువాత అరచెయ్యి ఆ తోలు మీద ఆనగానే అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ డోలు మీద అతని చెయ్యి ఒక్క తప్పు దెబ్బ వేసి ఎరగదు. ఇప్పుడు వేయలేకపోయాడు.

"కాదు బాపూ," అన్నాడు. "ఆమె కడుపుతోని ఉన్నదని నాకు ఎర్కనే లేదు. గా ఏడు కాలేజిలు బందయి పోరగాండ్లంత ఇంటికొచ్చిండ్రు. స్టేషన్ కాడ చంద్రమౌళి నన్ను పట్టుకుని అడిగిండు. అన్నా, గా శిగం దేవునిదా, నీ డోలుదా? ఒక్కపారి ఆపి చూడు, తెలుస్తది అన్నడు. గా మాట నా పేగుల్ల పడ్డది. తిండి సయించలె. అందుకే ఆపిన. దేవుడు ఉంటడా పోతడా చూద్దామని ఆపిన. ఆపంగనే..."

డోలుతోబాటే దేవుడూ పోయాడన్నది చెప్పనక్కరలేకపోయింది.

"చూసిన్రా! చూసిన్రా!" అని సంజీవ ఎగిరి గంతేశాడు. "నేను మొదటిసంది చెప్తలేనా?" నిజానికి అతను ఇలాంటిది ఎన్నడూ చెప్పలేదు.

చంద్రమౌళి ముఖం ఎర్రబడింది. "నేనా? నేనెప్పుడన్న గా మాట? నాకు యాది లేదు. అన్నా, నువ్వు పరేషాన్‌ల ఏందో మాట్లాడుతున్నవ్. నీకే తెల్వకుంట నీ చేతికి దయ పుట్టింది. కావాలంటె నేను పందెం కాస్త."

ఇక ఎవరు ఆపగలరు? కావాలని ఆపితే తప్పా, దయతో ఆపితే తప్పా, చేతికి వేరే దయ ఉంటుందా అని మళ్ళీ మొదలెత్తుకున్నారు. ఐలయ్య ఎందుకు ఆపాడో ఐలయ్య చెప్పినా సరిపోలేదు వాళ్ళకు. అతను 'ఓ అయ్యా' అన్నాడు, 'జర వినురి' అన్నాడు. అతని గొంతు అతనికే వినపడలేదు. కనకయ్య మాత్రం నమ్మాడు. నమ్మాడు కాబట్టే ఐలయ్య ముఖం చూడకుండా, "డోలుకు వేరెవలనన్న చూస్త," అని లేచి లోపలికి పోయాడు.

డోలు పోయిందని ఐలయ్యకు అర్థమైంది. గుండె గుభేలుమనాలి, అనలేదు. ఎందుకంటే సత్తమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా," అంది, ఆ గోలలో ఎవరికీ వినపడనంత చిన్నగా. "అయితె నా మీదికి దేవుడు వస్తలేడా?"

ఇంత పని అవుతుందని అతను అనుకోలేదు. నిజం చెబితే పోయేది తన డోలేననుకున్నాడు. "అయ్యో, వస్తడు చెల్లె," అన్నాడు గబగబా. "ఎందుకు రాడు? వస్తడు."

సత్తమ్మ డోలు వైపు చూసింది.

"దాని మీద చెయ్యి పెట్టి చెప్పన్నా."

ఐలయ్య చెయ్యి లేపబోయాడు. లేవలేదు. తొడ మీద పిడికిలి బిగుసుకుని అలాగే ఉండిపోయింది. సత్తమ్మ కాసేపు ఆ చేతినే చూసింది. తరువాత కొంగు నడుముకు దోపుకుని, కూలికి పొద్దుపోయిందంటూ మిరప చేను దారి పట్టింది.