ముప్పై ఒక్క పేర్లు

మట్టెవాడలో మాది తాళ్లు, దారాలు, వలలు అమ్మే కొట్టు. మా నాన్న కాలంలో నూలు వలలు అమ్మేవాళ్లం, నా కాలానికి నైలాన్ వచ్చింది. వలలు అమ్ముకునేవాడికి ఏం కావాలి? చేపలు పట్టేవాళ్లు పెరగాలి. అందుకే ఉప్పలయ్య అంటే నాకు పదేళ్లపాటు లోపల మంటగా ఉండేది. ఆ మనిషి తన ఊరి చెరువులోకి కొత్తవాణ్ణి ఒక్కణ్ణి కూడా దిగనివ్వడు. కొత్తవాడు దిగకపోతే నా దగ్గర కొత్త వల ఎవడు కొంటాడు? ఇప్పుడు ఆ మంట లేదు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే అలసటగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. ఎందుకంటే ఆయన్ను నీళ్లలోంచి గట్టు మీదికి తెచ్చిన మాట రాసింది నేనే.

ఆయనది రఘునాథపల్లి వైపు ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నా కొట్టుకొచ్చి, అట్ల కాదు ఇట్ల జరిగింది అని పొద్దంతా వాదిస్తారు. నాకు ఓపిక లేదు.

డెబ్బై నాలుగులో అక్కడ చేపల సంఘం పెట్టారు. ముప్పై ఒక్క మంది వేలిముద్రలు వేశారు, మొదటిది ఉప్పలయ్యది, పేర్ల విషయంలో ఆయన మాటే చెల్లేది. సంఘంలో పేరున్నవాళ్లే చెరువులో వల వెయ్యాలి, పడ్డ చేపలు ముప్పై ఒక్క పాళ్లు చెయ్యాలి, అదీ ఏర్పాటు. వాళ్లలో చదువొచ్చినవాడు లేడు కాబట్టి తీర్మానాల పుస్తకం రాసే పని నా మీద పడింది. నెలకోసారి సైకిల్ మీద వెళ్లి రాసొచ్చేవాణ్ణి. మొహమాటం ఒకటి, గిరాకీ పోతుందన్న భయం ఒకటి.

మూడేళ్లు బాగానే నడిచింది. డెబ్బై ఏడులో పక్కూరి చెరువు ఏమైందో ఉప్పలయ్య వెళ్లి చూసొచ్చాడు. అక్కడా సంఘమే, కానీ అడిగిన ప్రతివాడి పేరూ రాసుకున్నారు. బావమరిది అని ఒకణ్ణి, పటేలు చెప్పాడని ఒకణ్ణి, పాపం అని ఇంకొకణ్ణి. వలలు ఎనభై దాటాయి. సంక్రాంతి నాటికి అరచేయంత బొచ్చె చేప పిల్లలను కూడా పట్టేశారు, వేసవికి చెరువులో నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎవరు పట్టారంటే ఎవరూ పట్టలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఆ సంఘం మూతపడింది.

ఆ తర్వాత ఒక అంగడి రోజు ఉప్పలయ్య కొట్టుకొచ్చి, ఏమీ కొనకుండా తాళ్ల మోపు మీద కూర్చున్నాడు.

"సేటు, చెరువు పెరగది. మనమే పెరుగుతానం. ముప్పై ఒకటి కాడ గీత గియ్యాలె, రాయి," అన్నాడు.

ఆ గీత అంటే, ఎవరైనా చనిపోతేనో, తానుగా మానుకుంటేనో తప్ప కొత్త పేరు ఎక్కదు. ఎక్కేవాడు కూడా అందరి ముందు వల విసిరి చూపించాలి. మూడుసార్లు విసిరితే ఒక్కసారైనా వల గుండ్రంగా పడాలి. లేకపోతే నీళ్లు తొక్కని పెద్దమనుషులు పేర్లు రాయించుకుని, గట్టు మీద కూర్చుని పాలు తీసుకుపోతారని ఆయన భయం. ఆ భయంలో తప్పు లేదు.

విసురు వల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. వల తాడు ఎడమ మణికట్టుకు కట్టుకుంటారు. సగం వల మోచేతి మీద వేసుకుంటారు. అంచున ఉండే సీసపు గుండు ఒకటి పళ్ల మధ్య పట్టుకుంటారు. ఒళ్లు తిప్పి విసిరేటప్పుడు సరిగ్గా ఆ క్షణానికి నోరు తెరవాలి. ముందు తెరిస్తే వల ముద్దగా పడుతుంది, ఆలస్యంగా తెరిస్తే వలతో పాటు పన్ను కూడా పోతుంది. ఉప్పలయ్య విసిరితే అది నీళ్ల మీద పెద్ద తాంబాళం పెట్టినట్టు పడేది.

ఆ రోజు కొట్టులో గిరాకీ ఉంది. ఒక చేత్తో దారం తూస్తూ ఇంకో చేత్తో రాశాను: "వలను నోట పట్టి గుండ్రంగా విసిరినవాడే సంఘ సభ్యుడు." సభ్యుడు కాగలడు అని రాయాలి. ఆ ఒక్క మాట వదిలేశాను. ఆయనకు చదివి వినిపిస్తే బాగుందన్నాడు. తరవాతి ఆదివారం ముప్పై ఒక్క మందీ దాని కింద వేళ్లు ఒత్తారు.

చెరువు బతికింది. నేను ఒప్పుకోవాలి. రెండేళ్లలో ఐదారు కిలోల బొచ్చెలు గంపల్లో మట్టెవాడ దాకా వచ్చేవి. కానీ ఉప్పలయ్యకు దక్కింది చెడ్డపేరు. మగ్గం ఆగిపోయిన నేతపనివాడొకడు కాశిబుగ్గ నుంచి భార్యను తీసుకుని ఆ ఊరికి చేరాడు, అత్తగారి ఊరట. ముడులు వెయ్యడంలో ఆ చేతులు చూసి నేనే సిఫారసు చేశాను. ఉప్పలయ్య ఆయనకు అన్నం పెట్టించాడు, పేరు మాత్రం రాయించలేదు. "పేరు లేనోళ్లు వల తడపద్దు," అన్నాడు. సొంత అక్క కొడుకు వచ్చినా అదే మాట. ఆ అక్క మళ్లీ తమ్ముడి గడప తొక్కలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోరు చెడ్డదేం కాదు, కాదు అనే ఒక్క మాట తప్ప ఇంకోటి చెప్పే వీలు దానికి లేదు, అంతే. పొద్దున ఉప్పలయ్య ఎదురొస్తే పోయిన పని కాదని ఊళ్లో ఒక మాట కూడా పుట్టింది.

ఆయన భార్య భద్రమ్మ ఒకసారి నా ముందే అంది. "ముప్పై ఒక్క ఇండ్ల కడుపు నింపినవు. ఒక్క ఇంట్లనన్న మనకు గిలాసెడు మంచినీళ్లు ఇస్తాండ్రా?" అలిసిపోయిన మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఆ రోజు ఆయనలో చూశాను. దెబ్బలాడి అలిసినవాడు పడుకుంటే తేరుకుంటాడు. కాదని చెప్పి చెప్పి అలిసినవాడు తేరుకోడు.

ఎనభై నాలుగులో ఆయనకు ముందు పళ్లు కదలడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి పైవరసలో ఏమీ మిగల్లేదు. దవాఖానకు పోదాం, కట్టుడు పళ్లు పెట్టిస్తారంటే, వాటితో సీసపు గుండు పట్టుకుంటే గుండుతోపాటు చెరువులో పడతాయని నవ్వాడు. అప్పటినుంచి ఆయన విసురు వల ముట్టలేదు. నిలబెట్టే వలలు సాయంత్రం కట్టి పొద్దున ఎత్తే పని చేసేవాడు. అదీ కష్టమే, ఎవరూ తప్పు పట్టలేదు.

ఎనభై ఆరు వర్షాకాలంలో యాకయ్య చనిపోయాడు. ముప్పై ఒక్క మందిలో ఒకడు, ఉప్పలయ్యకు చిన్ననాటి దోస్తు. మూడేళ్లు దమ్ము జబ్బుతో, ఊపిరాడక తీసుకున్నాడు. ఆ మూడేళ్లూ ఆయన బదులు చెరువులో దిగింది ఆయన భార్య కట్టమ్మ. అందరికీ తెలుసు, అందరూ చూడనట్టే ఉన్నారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. యాకయ్య పేరుతో ఆ ఇంటి పాలు కూడా పోయే పరిస్థితి వచ్చింది. కట్టమ్మ ఉప్పలయ్య దగ్గరికి వెళ్లి తన పేరు రాయించమని అడిగింది. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. పరీక్షకు రమ్మన్నాడు.

ఆ ఖాళీకి ఇంకొకడు కూడా వచ్చాడు. సంఘం అధ్యక్షుడు వెంకట్రాజం బావమరిది. వెంకట్రాజం చెడ్డవాడని నేను అనను, బావమరిది ఉన్నవాడు, అంతే.

కార్తీకం వెళ్లాక ఒక పొద్దున పరీక్ష పెట్టారు. అలవాటైన వలతో ఎవరూ లాభపడకుండా కొట్టులోంచి కొత్త వల తేవడం పద్ధతి, కాబట్టి వలతోనూ పుస్తకంతోనూ నేనూ వెళ్లాను. బావమరిది మూడుసార్లు విసిరాడు. రెండుసార్లు సగం రొట్టెలాగా పడింది, మూడోసారి గుండ్రంగానే పడింది. కట్టమ్మ చీర గోచి పోసి మోకాలి లోతుకు దిగింది. గుండు పళ్ల మధ్య పెట్టింది. మూడుసార్లూ గుండ్రంగా పడింది.

ఇద్దరూ నెగ్గారు, చోటు ఒక్కటే. వెంకట్రాజం పుస్తకం అడిగాడు. నన్నే చదవమన్నాడు. చదివాను.

"విసిరినవాడే అని రాసున్నది," అన్నాడు వెంకట్రాజం. "ఆమె అని యాడున్నది?"

రాసినప్పుడు ఆడ, మగ అన్న ఆలోచనే నాకు లేదు. ఉప్పలయ్య లేచాడు.

"వాడే అంటే మొగోడని కాదు. విసిరినోళ్లే, ఇంకోలు కాదని. ఆమె విసిరింది. ఆమెదే పేరు."

వెంకట్రాజం చాలా మెల్లగా అన్నాడు. "అట్లయితే ఉప్పలన్నా, విసరనోడు సభ్యుడు కానట్టే గద. రెండేండ్ల సంది నువ్వు విసురంగ చూసినోళ్లెవరు?"

ఇక్కడ ఆగి చెప్పాలి. ఆ నియమం కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రమే అని ఉప్పలయ్య అనొచ్చు. అది నిజం కూడా. నేనైనా అనాలి, రాసింది నేనే కదా. నేను చెరువు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన ఒకసారి నా వైపు చూశాడు, తర్వాత కట్టమ్మ వైపు చూశాడు, చొక్కా విప్పి కట్టమ్మ చేతిలోంచి వల తీసుకున్నాడు.

తాడు మణికట్టుకు కట్టుకున్నాడు. వల మోచేతి మీద సర్దుకున్నాడు. గుండు చిగుళ్ల మధ్య పెట్టుకున్నాడు. పళ్లు లేకుండా భుజం మీదుగా విసిరే తీరు ఒకటుంది, అది ఆయనకు తెలుసు. కానీ నియమంలో నోట పట్టి అని ఉంది. ఒళ్లు తిప్పేలోపే గుండు జారింది, వల ఆయన కాళ్ల ముందే ముద్దగా పడింది. రెండోసారీ అంతే. మూడోసారి చిగురు తెగి రక్తం వచ్చింది. వెంకట్రాజం ఇక చాలన్నాడు. ఉప్పలయ్య ముఖం నేను చూడలేకపోయాను.

"సేటు, పుస్తకం తియ్యి," అన్నాడు ఉప్పలయ్య. "రెండు చోట్లున్నయి, ఇద్దరు నెగ్గిండ్రు. నా పేరు కొట్టేసి ఆడ కట్టమ్మను రాయి."

యాకయ్య చోట బావమరిదిని, ఉప్పలయ్య చోట కట్టమ్మను రాశాను. పేర్లు ముప్పై ఒకటే ఉన్నాయి.

అదంతా ఆయన కావాలనే చేశాడా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆయన ఆ మాట ఎదిరించడానికి కూడా ఓపిక లేనంత అలిసిపోయి ఉన్నాడు.

నెల తిరక్కముందే వెంకట్రాజమే కొట్టుకొచ్చాడు. సిగ్గుపడ్డాడు పాపం. సభ్యుడు అన్నచోట సభ్యుడు కాగలడు అని దిద్దితే ఉప్పలన్న పేరు మళ్లీ ఎక్కించొచ్చు, ముప్పై రెండో పేరుకు అందరూ ఒప్పుకున్నారని చెప్పాడు. కట్టమ్మ ముందుగా ఒప్పుకుందట. నేను సంతోషంగా పుస్తకం, కలం పట్టుకుని వెళ్లాను.

ఉప్పలయ్య గట్టు మీద కూర్చుని ఎవరిదో చిరిగిన వల కుడుతున్నాడు. అంతా విన్నాడు.

"కాశిబుగ్గాయన అచ్చినప్పుడు దిద్దినమా సేటు? మా అక్క కొడుకు అచ్చినప్పుడు దిద్దినమా?" అని మళ్లీ సూది ఎత్తుకున్నాడు.

నేను కలం జేబులో పెట్టుకున్నాను. అంతలో కట్టమ్మ వచ్చింది. మా మాటలు విన్నట్టుంది. తన వల ఆయన ముందు పట్టింది, పుస్తకం సంగతి అట్లుంచమంది, ఊకెనే ఒక్కసారి భుజం మీంచి విసరమంది, చూసేవాళ్లెవరూ లేరంది. ఆయన చెయ్యి తానుగా ముందుకు పోయింది. వేళ్లు అంచున సీసపు గుండును వెతికి పట్టుకున్నాయి. అలవాటు చొప్పున దాన్ని నోటి దాకా తెచ్చి, అక్కడ ఆగాడు. వల ఆమె చేతిలో పెట్టేశాడు.

"పేరు లేనోళ్లు వల తడపద్దు, చెల్లె."

కట్టమ్మ నీళ్లలో దిగి వల విసిరింది. గుండ్రంగా పడింది. ఉప్పలయ్య అటు చూడలేదు.