నలభై శాలువాలకు ఒక 'చూద్దాం'

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జూన్‌లో, నన్ను గద్వాలకు చేనేత అభివృద్ధి అధికారిగా వేశారు. మగ్గాలు చూసుకోవడం, నేసినదానికి కొనేవాళ్లను వెతకడం ఆ పదవి పని. చేరిన వారానికే, జపాన్‌లో బట్టల దుకాణం నడిపే తనాకా గారికి ఉత్తరం రాశాను. ఎన్ని కావాలంటే అన్ని, నెల తిరిగేలోగా అందిస్తామని గొప్పలు పోయాను. ఆమె నిజంగానే వస్తానన్నారు.

దుబాసీ దొరక్క నేనే జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. హైదరాబాదు నుంచి ఒక టీచరమ్మ రోజూ పొద్దున ఫోన్‌లో పాఠం చెప్పేవారు. ఆఫీసులో నా వెనక అందరూ ఒకరికొకరు వంగి వంగి దండాలు పెట్టుకుని నవ్వేవాళ్లు. మూడు నెలలైనా 'కాదు' అనడం నేర్పలేదేమని టీచరమ్మను అడిగాను. ఎదుటి మనిషి నొచ్చుకోకుండా అక్కడ 'ఆలోచిస్తాం' అంటారు, అదే నేర్చుకోండి అన్నారు. ఒక మాట తగ్గిందని సంబరపడ్డానే తప్ప ఆ సంగతి బుర్రకెక్కలేదు.

తనాకా గారు రాగానే, ఊళ్లో చీరలు నేసే లక్ష్మమ్మ ఇంటికి తీసుకెళ్లాను. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట పోగు పోగూ చేత్తో పెనవేయాలి. ఆ పనిలో లక్ష్మమ్మకు సాటి లేదు. అయినా ఆ ఏడు చీరలు కదలక, రెండో మగ్గం విప్పేసి పత్తి విత్తనాల చేలకు కూలికి పోదామనుకుంటోంది. ఈ బేరం కుదిరితేనే ఆ మగ్గం నిలుస్తుంది.

తనాకా గారు అంచును వేలితో తడిమి చూసి, అదే నేతలో నలభై శాలువాలు నెలలో కావాలన్నారు. లక్ష్మమ్మ ఆమెకు బొట్టు పెట్టి, రవికె గుడ్డ చేతిలో పెట్టి, "చూద్దాం తియ్ సారూ" అంది. నేను పుట్టింది ఇదే పాలమూరు సీమలోని తెలకపల్లిలోనే అయినా ఆ మాటను ఆఫీసరు చెవులతో విన్నాను. ఆలోచిస్తానంటోందని జపనీస్‌లో చెప్పి, పని అయిపోయినట్టే నవ్వాను. తనాకా గారు లేచి, లక్ష్మమ్మకు వంగి నమస్కరించి, సంచి సర్దుకోసాగారు.

అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మ పాఠం. వాళ్లిద్దరూ ఒకరినొకరు చక్కగా అర్థం చేసుకున్నారు. రెండు భాషలూ వచ్చిన నేనొక్కణ్నే వెర్రివాణ్ని. సిగ్గేసింది. అడ్డేమిటని లక్ష్మమ్మను అడిగాను.

"నెలల నలభై ఎట్లయితయి సారూ? రెండు మగ్గాలు నడిచినా మూడు నెలలు పడ్తది. ఇంటికొచ్చిన ఆడమనిషికి మొకం మీద కాదంటమా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. తనాకా గారు మళ్లీ కూర్చుని, నెల గడువు తను పెట్టింది కాదనీ, నా ఉత్తరంలోనిదేననీ మెల్లగా అన్నారు. మూడు నెలలకు సంతోషంగా ఒప్పుకున్నారు. ఉత్తరం సంగతి లక్ష్మమ్మకు చెప్పడానికి మాత్రం ఆ రోజు నాకు తెలుగు రాలేదు.

జపనీస్ నేర్చుకోవడం వల్ల నాకు జపాన్ కొంచెం, పాలమూరు కాస్త ఎక్కువ అర్థమయ్యాయి. మరుసటేడు సొంతూరికి దగ్గరగా బదిలీ అడిగితే పై అధికారి "చూద్దాం" అన్నారు. ఆయనకు వంగి దండం పెట్టి, బయటికొచ్చి, గద్వాలలో అద్దె ఇల్లు ఇంకో ఏడాదికి మాట్లాడుకున్నాను.