జిన్నులు ఆగాక జీతం

ఒక్క మాట. నిజానికి సగం మాటే. దాన్ని ఇన్నేళ్ళుగా గుండెల మీద మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు, అన్నదమ్ములకు చెప్పలేదు. మీరు నన్నెరగరు గనక మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేది కాదు.

రాజమల్లు, నేను చెన్నూరులో ఒకే బడిలో చదువుకున్నాం. అతను ఉట్నూర్‌లో సర్కారు కచేరీలో చప్రాసి అయ్యాడు. నేను జమ్మికుంటలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి తూచే గుమాస్తానయ్యాను. జీతం చూస్తే నాది అతనిదానికి రెట్టింపు. ఊళ్ళో మర్యాద చూస్తే అతనిదే పైచేయి. సర్కారు నౌకరి అంటే నెల తిరగ్గానే జీతం, ముసలితనంలో పింఛను. మా మిల్లులో అలా కాదు. దసరా దాటి పత్తి వస్తే గింజ తీసే జిన్నులు ఆడతాయి, ఎండలు ముదిరితే ఆగుతాయి. వాటితోపాటే అందరి జీతాలూ ఆగుతాయి. ఒక్క నాకు తప్ప. ఖాళీ మిల్లుకు కాపలాగా మిల్లు యజమాని సేఠ్ నన్ను ఏడాది పొడుగునా ఉంచుకునేవాడు.

వానాకాలమంతా ఆ మిల్లులో నేనొక్కణ్ణే. అప్పటికి పెళ్ళి కాలేదు. వండిన అన్నం ముందు పెట్టుకుని గోడతో మాట్లాడేవాణ్ణి. నవ్వకండి. గోడ జవాబివ్వడం లేదని కోపం కూడా వచ్చేది.

ఒక దసరాకు ఊరికి వెళ్ళాను. రాజమల్లు నా చేతిలో జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. ఎన్నాళ్ళకో ఒక మనిషి నన్ను దగ్గరకు తీసుకున్నాడు. అప్పుడే నాకా బుద్ధి పుట్టింది. మా మిల్లులో ఇంకో గుమాస్తా కావాలని, జీతం నా అంతే ఇస్తారని చెప్పాను.

“జిన్నులు బందయినంక గూడ ఇస్తరారా?” అన్నాడు. “మా అవ్వ సర్కారు నౌకరి ఇడువనియ్యది. తక్కువైనా నెలనెలా వస్తది గదా అంటది.”

“నాకు ఇస్తలేరా? నువ్వు ఫికర్ చెయ్యకు.”

“నువ్వు చెప్పినంక ఇంకేంది,” అన్నాడు.

అది అబద్ధమా? నాకు ఇస్తున్న మాట నిజమే కదా? ఇలా నాకు నేనే వకీలునై ఎన్నిసార్లు వాదించుకున్నానో! ఒక్కసారీ గెలవలేదు. అతన్ని పనిలో పెట్టుకునేముందు సేఠ్ నన్ను పక్కకు పిలిచి, సీజను వరకేనని ఇతనికి తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. అప్పటికే రాజమల్లు సర్కారు నౌకరికి ఇస్తీఫా ఇచ్చి వచ్చేశాడు.

నా జీవితంలో అంత మంచి చలికాలం మళ్ళీ రాలేదు. అతని పెళ్ళాంపిల్లలు ఊళ్ళోనే ఉన్నారు, మేమిద్దరం ఒకే పొయ్యి మీద వండుకున్నాం. అతను మక్క గటక కలిపితే నేను పచ్చిపులుసు చేసేవాణ్ణి. జుట్టునిండా దూది పడితే ఒకరినొకరు తాతా అని పిలుచుకుని నవ్వుకున్నాం. ఎండాకాలం నాటికి సేఠ్‌ను బతిమాలి అతన్నీ ఉంచమని అడగాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

జిన్నులు ఆగాయి. సేఠ్ గది గుమ్మం దాకా వెళ్ళాను. నీ జీతమే ఇద్దరూ పంచుకోండి అంటాడేమోనని భయం వేసింది. అంటే మాత్రమేం? ఆలుబిడ్డలు లేని నాకు సగం చాలదా? తోడు కావాలి, జీతం మాత్రం తగ్గకూడదు. ఎంత ఆశ! గుమ్మం దాటకుండానే వెనక్కి వచ్చేశాను.

వదిలేసిన సర్కారు నౌకరి మళ్ళీ దొరకలేదు. రాజమల్లు పెళ్ళాంపిల్లలతో బెల్లంపల్లి వైపు బొగ్గుబాయి పనికి పోయాడు. పోయేముందు నా వీపు నిమిరాడు. “గా సేఠ్ మనిద్దర్ని మోసం చేసిండురా. నువ్వు పరేషాన్ గాకు,” అన్నాడు. నేను తలూపాను.

అతనితోపాటు కచేరీలో చేరినవాళ్ళు ఇప్పుడు గుమాస్తాలయ్యారు. అతను ఇంకా తట్ట మోస్తున్నాడు. కలిసినప్పుడల్లా దగ్గుతూనే సేఠ్‌ను తిడతాడు.

సేఠ్ ఏ మోసమూ చేయలేదు. చేసింది నేను. తడిగుడ్డతో గొంతు కోశాను. కోయించుకున్నవాడే నన్ను ఓదార్చాడు. ఈ మాట అతనికి చెబితే నాకున్న ఒక్క స్నేహితుడూ పోతాడు. అందుకే చెప్పలేదు. చూశారా, ఇవాళ్టికీ నేను చూసుకునేది నన్నే. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. చేసింది నేనని ఒక మనిషితో అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.